ఆగు తాతా!

ఊళ్ళో అందరూ ఆయన్ని పోస్టు తాత అంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదులుకోలేదు. సంచీ ఎప్పుడో ఆఫీసుకి అప్పజెప్పేశాడు గానీ, దాన్ని మోసి మోసి ఒకవైపుకి ఒరిగిన భుజం మాత్రం అలాగే ఉండిపోయింది. కొండమీది పల్లెలకి దారి ఎవరైనా అడిగితే నోటితో చెప్పి ఊరుకోడు. వేలితో గాలిలో గీసి చూపిస్తాడు. ఇదిగో వాగు, ఇదిగో నున్నబండ, ఇక్కడ ఎడమకి తిరగాలి, ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

"ఈ దారులు నా బుర్రకి కాదు, నా అరికాళ్ళకి తెలుసు" అంటాడు.

గొప్పలే. కాని ఉత్త గొప్పలు కావు. బస్సులు తిరగని రోజుల్లో, వానలో, మంచులో, ఆ కొండ పల్లెలకి బయటి ప్రపంచం అంటూ ఒకటుందని తెలిసిందే ఆయన కాళ్ళవల్ల.

లోకంలో ఆయనకి పడనిది ఒక్కటే జాతి, కుక్కజాతి. పిక్కలమీద పళ్ళగాట్లు ఇంకా ఉన్నాయి. ఎవరైనా తీరిగ్గా దొరికితే ప్యాంటు మడిచి పతకాలు చూపించినట్టు చూపిస్తాడు. "ఇది మిల్లు వీధి నల్లకుక్కది. ఇది డాక్టరుగారి తెల్లకుక్కది. చదువుకున్నవాళ్ళ కుక్క కదా, అందుకే లోతుగా కరిచింది."

ఆయన మనవరాలు మూడో తరగతి. నోరు తెరిస్తే "ఎందుకు" తప్ప మరోమాట రాదని ఇంట్లో ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టారు.

"తాతా, కుక్కలకి నీమీద కోపం ఎందుకు?"

"ఉత్తరాలు పంచేవాణ్ణి గనక."

"ఉత్తరాలు పంచితే కోపమెందుకు?"

"వాటికి ఒక్కటీ రాలేదని."

తాత కూతురికి, అంటే ఎందుకమ్మ తల్లికి, ఇంటి ముందుగదిలోనే కుట్టుకొట్టు ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అల్లుడు లారీ తోలుతాడు, నెలకోసారి వస్తే వచ్చినట్టు. అందుకని పిల్లని బడికి తీసుకెళ్ళడం, తీసుకురావడం, దాని ప్రశ్నలకి జవాబు చెప్పడం అన్నీ తాత డ్యూటీలే.

ఊరిని ఆనుకునే కొండ మొదలవుతుంది. యుద్ధం వచ్చింది, పోయింది. పోతూ పోతూ ఆ వాలులో మందుపాతరలు వదిలిపోయింది. ఎవరు పాతారో, ఎక్కడెక్కడ పాతారో చెప్పేవాళ్ళు లేరు. పాతినవాళ్ళకే గుర్తులేదని కొందరంటారు, పాతినవాళ్ళే మిగల్లేదని కొందరంటారు. మందుపాతరలు తీసే దళంవాళ్ళు వచ్చి, వాలు అంచున ఎర్రరంగు పూసిన రాళ్ళు వరసగా పేర్చి, పుర్రెబొమ్మ బోర్డులు పాతి, ముక్క వెంట ముక్క నేల శుభ్రం చేసుకుంటూ వస్తున్నారు. శుభ్రమైన చోట రాళ్ళకి తెల్లరంగు వేస్తారు. ఎరుపు కనిపిస్తే ఆగాలి, తెలుపు కనిపిస్తే నడవచ్చు. అది అక్షరాలకంటే ముందు పిల్లలకి నేర్పే పాఠం. కాని రోజూ చూసే బోర్డు కొన్నాళ్ళకి గోడమీది మరకలా అయిపోతుంది. మొన్న పెద్ద తరగతి పిల్లలు బంతి అవతల పడిందని రాళ్ళమీద నిలబడి కర్రతో లాగబోతుంటే చూసినవాళ్ళ గుండె జారిపోయింది. అందుకే బడి పెద్ద టీచరు దళంవాళ్ళకి కబురుపెట్టింది. మామూలుగా వచ్చి బొమ్మలు చూపించి పోతే లాభం లేదు, మీ కుక్కని కూడా తీసుకురండి అంది.

"తాతా, రేపు మా బడికి కుక్క వస్తోంది. ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చట. నువ్వు రావాలి."

"కుక్క పాఠం చెబుతుందా? బాగుంది. ఆ తర్వాత పిల్లి పరీక్ష పెడుతుంది."

కాని వెళ్ళాడు. కూతురు మిషన్ వదిలి రాలేదు, పిల్ల చెయ్యి వదల్లేదు. వెనక వరసలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే చిన్న బల్లమీద ముడుచుక్కూర్చున్నాడు.

కుక్కని తెచ్చినావిడ వయసులో చిన్నదే. జుట్టు బిగించి ముడేసుకుంది, మోకాళ్ళకి తోలు తొడుగులు ఉన్నాయి. పిల్లలు అప్పటికప్పుడు ఆవిడకి కుక్క టీచరు అని పేరు పెట్టేశారు. ఆవిడ కోప్పడలేదు సరికదా, "నన్ను మా ఇంట్లో కూడా అలాగే అంటారు" అని నవ్వింది. కుక్క గోధుమరంగుది, పొడుగుమూతి, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంది.

"దీని పేరు దొర. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. పొద్దున్నే మీ ఆవరణలో ఒకచోట చిన్న డబ్బా పాతిపెట్టాను. అందులో పేలేది ఏమీ లేదు. పేలుడుమందు వాసన పట్టిన గుడ్డముక్క ఉంది, అంతే. ఎక్కడ పాతానో దొరకి చెప్పలేదు. మీరూ చూడలేదు. ఇప్పుడు వెతుకుతుంది."

పిల్లలందరూ వరండా మెట్లమీద కూర్చున్నారు. ఆవిడ పొడుగాటి తాడు వదులుతూ నిలబడింది. దొర ముక్కు నేలకి ఆనించినట్టే పెట్టి తిన్నగా ముందుకి వెళ్ళింది, తిన్నగా వెనక్కి వచ్చింది, పక్కకి జరిగి మళ్ళీ వెళ్ళింది. నేలమీద ముక్కుతో గీతలు కొడుతున్నట్టుంది. ఒకచోట ఆగింది. తల కొంచెం వంచింది. అరవలేదు, తవ్వలేదు. తాపీగా, వెన్ను నిటారుగా పెట్టుకుని, సింహాసనం వేసినట్టు కూర్చుంది.

"చూశారా దొరగారి దర్జా?" అంది ఆవిడ. "దొరగారు కూర్చున్నారంటే అక్కడ ఉన్నట్టే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ రబ్బరు బంతి విసిరింది. అంతవరకూ దొరలా ఉన్నది ఒక్క దెబ్బకి కుక్కపిల్ల అయిపోయి, బంతి పట్టుకుని ఆవరణంతా గంతులేసింది.

ఎందుకమ్మ చెయ్యెత్తింది. "అది తవ్వలేదెందుకు?"

"తవ్వడం దాని పని కాదు. వాసన పట్టగానే ఆగిపోవడమే దాని పని."

"ఆగకుండా తొక్కేస్తే?"

"తొక్కకముందే వాసన వస్తుంది. అందుకే దానికి ముక్కు ముందు నడుస్తుంది, కాళ్ళు వెనక నడుస్తాయి. మనకి అలాంటి ముక్కు లేదు. అందుకని మనం ఎర్రరాయి ఇవతలే ఆగాలి."

"దానికి భయం వెయ్యదా?"

"దానికి బంతి గురించే ఆలోచన. భయమంతా నాది" అంది ఆవిడ. పిల్లలు నవ్వారు గాని ఆవిడ నిజమే చెప్పినట్టు తాతకి అనిపించింది. ఆ అనిపించడం నచ్చక గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయీ, దీనికి పింఛను కూడా ఉందా?"

"ఉంది తాతగారూ. రిటైరయ్యాక మా ఇంట్లో, నా మంచంమీద."

ఈసారి పెద్ద టీచరు కూడా నవ్వింది.

తర్వాత ఆవిడ మందుపాతరల నమూనాలు చూపించింది. ప్లాస్టిక్‌వి, ఆకుపచ్చవి, ఒకటి మూత పెట్టిన షూపాలిష్ డబ్బాలా ఉంది. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న బడి గంట కొట్టే అతను లోపలికి వచ్చాడు. అతనికి మోకాలి కింద కట్టుకాలు. పిల్లలకి అది కొత్తకాదు, ఆ కాలి టకటక విని గంట కొట్టే వేళయిందో లేదో కూడా చెప్పగలరు.

"నేను ఇలాంటి డబ్బా ఏదీ చూడలేదు పిల్లలూ" అన్నాడు. "ఎండు పుల్లలకోసం వెళ్ళాను. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ఏమీ కనిపించలేదు గనక ఏమీ లేదనుకున్నాను." అంతే చెప్పి మళ్ళీ గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు.

కుక్క టీచరు మెల్లగా చెప్పింది. "పొరపాటున లోపలికి వచ్చేశామని తెలిస్తే ఏం చెయ్యాలి? ఆగాలి. వెనక్కి పరిగెత్తకూడదు, ముందుకీ పరిగెత్తకూడదు. పక్కవాళ్ళకి అరిచి చెప్పాలి. ఫోనుంటే మాకు చెయ్యాలి. కాళ్ళు నొప్పెడితే మీ పాదాలమీదే గొంతుక్కూర్చోండి, చేతులు నేలకి ఆనించకండి. ఇంకోటి. వాన పడితే మట్టి జారుతుంది. మట్టితోపాటు అవీ జారతాయి. కాబట్టి నిన్నటి దారి ఇవాళ దారి కాకపోవచ్చు." ఆఖర్న దళం ఫోను నంబరుని లాలిపాటలా రాగం కట్టి అందరిచేతా పాడించింది.

ఇంటికెళుతూ ఎందుకమ్మ ఆ నంబరే పాడుతోంది. తాత విసుక్కున్నాడు. "నిన్నటి దారి ఇవాళ దారి కాదట! దారేమైనా లారీయా, ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ ఉండడానికి? నాకు చెప్పొచ్చింది, కుక్కని పట్టుకుని."

"నీకు కాదు తాతా, మాకు చెప్పింది. నువ్వు ఊరికే వెనక కూర్చున్నావు."



ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. పట్టుకున్నవి ఒకంతట వదల్లేదు. కొండరోడ్డు ఒకచోట కోసుకుపోయి బస్సు ఆగిపోయింది. వానలు వెలిసి ఎండ కాసినా బస్సు మాత్రం రాలేదు. పైపల్లె బడికి ఇవ్వాల్సిన యూనిఫారాల మూట కుట్టుకొట్లో అలాగే ఉంది.

"నేనిచ్చి వస్తాను" అన్నాడు తాత.

"రోడ్డు బాగయ్యాక చూద్దాంలే నాన్నా."

"ఇంతకు పదింతలు మోసినవాణ్ణి. రోడ్డు తెగితే మనిషి ఆగుతాడా? బస్సు ఆగుతుంది."

"సరే, రోడ్డుమీదుగానే వెళ్ళు. తెగినచోట మెల్లగా దాటు. అడ్డదారులు వద్దు" అని కూతురు మరీ మరీ చెప్పింది. బడి సెలవు గనక ఎందుకమ్మ వెంటపడింది.

కొంతదూరం రోడ్డుమీదే నడిచారు. పాత పోస్టుదారి రోడ్డునుంచి చీలే మలుపు దగ్గర తాత కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఆ దారి మొదట్లో తెల్లరాళ్ళు వరసగా ఉన్నాయి. ఎండకి మెరుస్తున్నాయి.

"చూశావా? శుభ్రం చేసేశారు. నున్నబండదాకా ఇంతే. అక్కణ్ణుంచి మళ్ళీ రోడ్డెక్కుదాం."

"అమ్మ వద్దందిగా?"

"మీ అమ్మ అడ్డదారులు వద్దంది. ఇది నా దారి. అడ్డదారెలా అవుతుంది?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించడం మూడో తరగతి పిల్లకి అయ్యే పనికాదు. వెనకే నడిచింది. తాత మూట భుజానికెత్తుకుని, ఎన్నాళ్ళకో అలవాటైన బరువు దొరికినట్టు, హుషారుగా అడుగులు వేస్తున్నాడు. మలుపు తిరిగాక దారిమీదికి మట్టి జారి ఉంది. పచ్చిమట్టి మీద గడ్డిదుబ్బులు తలకిందులుగా పడి ఉన్నాయి. తెల్లరాళ్ళు కనిపించడం మానేశాయి. మట్టికింద పడి ఉంటాయిలే అనుకుని తాత దాటేశాడు.

ఎందుకమ్మ కాలిముందు ఒక రాయి బోర్లాపడి ఉంది. మామూలు రాయే. కాని మట్టిని ఆనుకున్న అంచున సన్నగా ఎరుపు.

"తాతా, ఆగు!"

"ఏమిటే, చెప్పులో రాయా?"

"రాయే. చెప్పులో కాదు. ఎర్రరాయి. తిరగబడి ఉంది."

తాత కొంచెం ముందున్నాడు. తలమాత్రం తిప్పి చూశాడు. "వానకి పైనుంచి దొర్లి వచ్చుంటుంది. మనం కిందనే ఉన్నాం. ఏం ఫర్వాలేదు, రా."

"రాయి పైనుంచి దొర్లి వస్తే, అవి దొర్లి రావా?"

తాత తలెత్తి పైవాలువైపు చూశాడు. అయినా మొండితనం ఒక్క ప్రశ్నకి చచ్చేది కాదు కదా.

"సరే, ఉండు. నేనొచ్చి నిన్నెత్తుకుంటాను. వెనక్కి పోదాం" అని, గడ్డిమీదుగా అడ్డంగా పిల్లవైపు రావడానికి తిరిగాడు.

"రాకు! నా దగ్గరకి రాకు తాతా! అక్కడే ఉండు!"

ఆ కేక కొండకి తగిలి తిరిగొచ్చింది. ఆ పిల్ల అంత గట్టిగా అరవడం తాత ఎప్పుడూ వినలేదు. చూస్తే, ఉన్నచోటే తన పాదాలమీద గొంతుక్కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు వణుకుతున్నాయి గాని ఏడవడం లేదు.

"నేను కదలను. నువ్వూ కదలకు. కదిలితే నీతో జన్మలో మాట్లాడను."

తాత ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. దాన్ని జాగ్రత్తగా, అంతకుముందు తను వేసిన అడుగులోనే దించాడు.

"ఫోను నీ జేబులో ఉంది. నంబరు నే చెప్తా" అంది పిల్ల. చెప్పబోతే అంకెలు గొంతులో చిక్కుకున్నాయి. కళ్ళు మూసుకుని రాగం అందుకుంది. కొండవాలులో వణికే గొంతుతో లాలిపాటలా వస్తున్న అంకెల్ని తాత ఒక్కొక్కటే నొక్కాడు. అవతల ఎవరో పలికారు. తాత తన పేరు చెప్పుకోలేదు. "నా మనవరాలు, నేను. పాత పోస్టుదారిలో, నున్నబండకి ఇవతల. మట్టి జారింది. ఎర్రరాయి ఉంది. మేం కదలడం లేదు" అన్నాడు. అవతలి గొంతు "చాలా మంచిపని చేశారు, అలాగే ఉండండి" అంది.

అలాగే ఉండడం ఎంత కష్టమో తాతకి అప్పుడు తెలిసింది. మూటని కింద పెట్టడానికి లేదు. ఏళ్ళ తరబడి నమ్ముకున్న అరికాళ్ళని లోలోపల అడిగి చూశాడు, కింద ఏముందని. అవి ఏమీ చెప్పలేదు. ఆ కొండమీద ఆయనకి భయం వెయ్యడం అదే మొదలు. ఆ భయం తనకోసం కాదు. ఎదురుగా పిడికెడంత పిల్ల, దానికీ తనకీ మధ్య నాలుగు గడ్డిదుబ్బులు. ఆ కాస్త దూరం దాటే దారి ఆయన దగ్గర లేదు.

"తాతా, ఏమైనా చెప్పు" అంది పిల్ల.

"ఏం చెప్పను?"

"డాక్టరుగారి కుక్క ఎందుకు కరిచిందో చెప్పు."

చెప్పాడు. మధ్యలో ఆ పిల్ల ఎందుకని అడిగింది. ఆయన జవాబు చెప్పాడు. అలా చెబుతూ ఉండగానే కింద రోడ్డుమీద జీపు చప్పుడైంది.

ముందు దళం పెద్ద వచ్చాడు. మలుపు దగ్గర నిలబడి, "మేం వచ్చేశాం, ఎవరూ మావైపు నడవకండి" అన్నాడు. అతని వెనక కుక్క టీచరు, మొహానికి అద్దపు తొడుగు, ఒంటికి బరువైన కోటు. ఆవిడ పక్కన దొర.

"నువ్వటమ్మా!" అంది ఆవిడ పిల్లని చూసి. "ప్రశ్నలన్నీ అడిగింది నువ్వే కదా?"

"ముందు తాతని తీసుకురండి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

"దగ్గరున్నవాళ్ళు ముందు. అది మా పద్ధతి. తాతగారు మోకాళ్ళ సంగతి కాస్త ఓర్చుకుంటారు."

దొర ముక్కు దించింది. బడి ఆవరణలో గీతలు కొట్టినట్టే వెళ్ళింది, వచ్చింది. దాని వెనకే మందుపాతరల్ని పసిగట్టే యంత్రం పట్టుకున్న మనిషి మళ్ళీ తడిమి చూస్తూ, శుభ్రమైన బాటకి అటూ ఇటూ తెల్ల టేపు కట్టుకుంటూ వచ్చాడు. పిల్ల దగ్గరకి చేరాక దళం పెద్ద దాన్ని ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళాడు. తెల్ల టేపు అవతల నేలమీద దించాక కూడా పిల్ల కూర్చోలేదు. తాతనే చూస్తూ నిలబడింది.

తర్వాత దొర తాతవైపు తిరిగింది. కొంచెం వచ్చింది. ఆగింది. తల వంచింది. తాపీగా, వెన్ను నిటారుగా పెట్టుకుని, కూర్చుంది.

కుక్క టీచరు "మంచివాడివి దొరా, మంచివాడివి" అని గొంతు పెంచకుండా దాన్ని వెనక్కి పిలిచింది. యంత్రం మనిషి అక్కడ ఎర్ర గుర్తు పెట్టాడు. తాత ఆ గుర్తుని చూశాడు. పిల్ల గొంతుక్కూర్చున్న చోటికీ తను నిలబడ్డ చోటికీ నడిమధ్య. గడ్డిమీదుగా అడ్డంగా వెళ్ళి పిల్లని ఎత్తుకుంటానని తను బయల్దేరబోయిన దారి అదే. చూడడానికి అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.



దొర చుట్టూ తిరిగి ఇంకో పక్కనుంచి మళ్ళీ గీతలు కొట్టుకుంటూ వచ్చింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. తాత కాళ్ళదాకా వచ్చి, పిక్కని వాసన చూసింది. తాత కొయ్యబారిపోయాడు.

"కరుస్తుందా అమ్మాయీ?"

"డ్యూటీలో ఉంది తాతగారూ, కరవదు."

"మా కాలంలో డ్యూటీలోనే కరిచేవి" అన్నాడు తాత. తెల్ల టేపుల మధ్యనుంచి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బయటికి వచ్చాడు. పిల్ల ఆయన నడుం పట్టుకుని అప్పుడు ఏడ్చింది. అంతసేపు ఆపుకున్నదంతా ఏడ్చింది. ఆయన మూట వదిలేసి, రోడ్డు పక్కన కూలబడి, దాని తలమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

దళం పెద్ద వచ్చి పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. "నేను ఈ పనిలో చాలాకాలంగా ఉన్నాను. పెద్దవాళ్ళు కూడా ఇలాంటప్పుడు పరిగెత్తుతారు. నువ్వు ఆగావు, పెద్దాయన్ని ఆపావు. మా దళంలో ఇంతకంటే బాగా చేసేవాళ్ళు లేరు" అని, తన టోపీ తీసి దాని తలమీద పెట్టాడు. టోపీ కళ్ళమీదికి దిగిపోయింది.

తాత లేచి దొర దగ్గరకి వెళ్ళాడు. అది బంతి నములుతోంది. "చూడు, నీ జాతిమీద నాకున్న కేసు అలాగే ఉంటుంది. నీ ఒక్కడిమీద మాత్రం కొట్టేశాను" అన్నాడు. చెయ్యి చాపి, ఒక క్షణం ఆలోచించి, దాని వాలిన చెవిని వేళ్ళతో తాకాడు. అది ఆయన చెయ్యంతా చొంగ చేసింది.

ఇంట్లో అంత తేలిగ్గా కొట్టెయ్యలేదు. కూతురు మిషన్ ఆపి, విన్నంతసేపూ విని, ముందు పిల్లని గుండెకి హత్తుకుంది. తర్వాత తండ్రివైపు తిరిగింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు నాకు రోజుకోసారి చెప్పేవాడివి. నీకెవరు చెప్పాలి నాన్నా?"

"ఇదిగో, ఇది చెప్పింది" అన్నాడు తాత. తప్పు తనదేనని తలొంచుకునే అన్నాడు. కాని మనవరాలివైపు చూపించిన వేలు మాత్రం నిటారుగా ఉంది.

మర్నాటినుంచి ఊళ్ళో ఎవరు దొరికినా తాత ప్యాంటు మడిచి గాట్లు చూపించడం మానేశాడు. ఇప్పుడు కొత్త కథ. మంగలి కొట్లో, పాల కేంద్రం దగ్గర, చివరికి పాత పోస్టాఫీసు కిటికీ ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి కూడా అదే. "ఆగు తాతా అంది! అంతే! గొంతు చూడాలి! మా ఆఫీసులో పెద్ద పోస్టుమాస్టరు అరిచినా నేను అలా ఆగలేదు." పిట్ట కొంచెం, కూత ఘనం అని వింటున్నవాళ్ళు అంటే, ఆ మాట తన గురించే అన్నట్టు తలాడించేవాడు. కథ చెప్పేకొద్దీ కొండమీద మందుపాతరలు పెరుగుతూ పోయాయి. పక్కనే ఉన్న పిల్ల ప్రతిసారీ దిద్దేది.

"ఒక్కటే తాతా."

"కనిపించింది ఒకటి. కనిపించనివి?"

"అవి చెప్పకూడదు. దొర కూర్చున్నవే లెక్క."

కాకిపిల్ల కాకికి ముద్దని వెనకాల నవ్వినవాళ్ళూ లేకపోలేదు. కాని బడిలో పెద్ద టీచరు పిల్లలందరి ముందు ఎందుకమ్మని నిలబెట్టి జరిగిందంతా చెప్పించినప్పుడు ఎవరూ నవ్వలేదు. గంట కొట్టే అతను చప్పట్లు కొట్టలేదు. పిల్ల దగ్గరకి నడిచొచ్చి దానితో చెయ్యి కలిపాడు, పెద్దవాళ్ళతో కలిపినట్టు.

కొన్నాళ్ళకి, రోడ్డు బాగయ్యాక, కుక్క టీచరు కుట్టుకొట్టు ముందు జీపు ఆపింది. "తాతగారూ, పైపల్లె బడికి వెళుతున్నాం. మీరు కూడా వస్తారా? నేను చెబితే పిల్లలు వింటారు. పెద్దవాళ్ళే వినరు. మీరు చెబితే పెద్దవాళ్ళు వింటారేమోనని."

"ఏం చెప్పాలి?"

"జరిగింది. పెంచకుండా."

తాత చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. జీపులో వెనక సీట్లో దొర పక్కన కూర్చున్నాడు. దారంతా అది తల ఆయన ఒళ్ళో పెట్టుకుని పడుకుంది. ఆయన వద్దనలేదు.

పైపల్లె బడి చిన్నది, ఒకటే గది. పిల్లల వెనక వాళ్ళ తల్లులు, తండ్రులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు నిలబడ్డారు. అందులో సగంమందికి ఆయన ఒకప్పుడు ఉత్తరాలు ఇచ్చినవాడే. కుక్క టీచరు పాఠం అయ్యాక ఆయన లేచాడు.

"ఈ కొండ నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని నేను చెప్పుకునేవాణ్ణి. మీలో చాలామంది నాకంటే మొండివాళ్ళని నాకు తెలుసు, మీ గుమ్మాలన్నీ ఎక్కినవాణ్ణి" అని మొదలుపెట్టాడు. దాచకుండా అంతా చెప్పాడు. తెల్లరాళ్ళు అయిపోయాక కూడా ముందుకెళ్ళడం చెప్పాడు. పిల్లని ఎత్తుకోవడానికి అడ్డంగా తిరగడం చెప్పాడు. కుక్క ఎక్కడ కూర్చుందో చెప్పినప్పుడు వెనక నిలబడ్డ ముసలాయన ఒకాయన చేతికర్ర మరో చేతిలోకి మార్చుకున్నాడు.

ముందు వరసలో ముక్కు కారుతున్న బుడతడు లేచాడు. "చిన్నపిల్ల ఆగమంటే ఆగిపోయావా తాతా? సిగ్గెయ్యలేదా?"

గదిలో అందరూ గుసగుసలాడారు. వాడి తల్లి వెనకనుంచి "ఒరేయ్" అంది.

తాత ఒరిగిన భుజాన్ని వీలైనంత నిటారుగా లాగాడు.

"సిగ్గెందుకురా? అది మా ఇంటి పిల్ల. నా మనవరాలు. ఆ రోజు ఆగమన్నది ఇంకెవరైనా అయితే నేను ఆగేవాణ్ణి కాదు. ఇవాళ ఇక్కడ ఉండేవాణ్ణీ కాదు. నా జీవితంలో నేను బాగా చేసిన పని ఏదైనా ఉందంటే, దాని మాట వినడమే."

బుడతడు చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "మరి ఆ అక్కని తీసుకురాలేదేం?"

"ఆవిడకి పరీక్షలు" అన్నాడు పోస్టు తాత, మూడో తరగతి పిల్లని ఆవిడ అంటున్నానని గమనించకుండానే. "వచ్చే నెల తీసుకొస్తాను. మీరు మాత్రం జవాబులు సిద్ధంగా ఉంచుకోండి. ప్రశ్నలు ఆవిడే అడుగుతుంది."